వెబ్ ప్రమాణాలు పట్నం సొత్తు కాదు

నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివే పిల్లల్లో, వాళ్ళ తల్లిదండ్రుల్లో, చివరికి పాఠాలు చెప్పే అధ్యాపకుల్లో కూడా ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. వెబ్ నేర్చుకోవడమంటే రియాక్ట్ కోర్సు చేసి, నాలుగు ప్రాజెక్టులు చూపించి, ఉద్యోగం తెచ్చుకోవడం. హెచ్‌టీఎంఎల్ ఎలా ఉండాలి, సీఎస్ఎస్‌లో కొత్తగా ఏం రావాలి, బ్రౌజర్లన్నీ దేనికి కట్టుబడాలి అన్నవి అమెరికాలో ఎవరో తేల్చే సంగతులు. వాటి గురించి నలుగురూ కూర్చుని మాట్లాడుకునే మీటప్‌లు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కుదురుకున్నవాళ్ళకు. "మాచర్లలో వెబ్ స్టాండర్డ్స్ మీటప్ పెడితే ఎవరొస్తారండీ?" అని ఒకరంటే పక్కవాళ్ళు తలూపుతారు. అక్కడితో ఆ మాట ముగిసిపోతుంది.

ముగియనివ్వకూడదని నా పట్టుదల. తెలుగుకు సంబంధించిన లోపం వెబ్‌లో ఎక్కడ బయటపడుతుంది? ఇంగ్లీషులో పేరు కొట్టి, ఖరీదైన ఫోన్‌లో, ఆఫీసు వైఫై మీద పేజీ తెరిచే మనిషి దగ్గర బయటపడదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలో పనిచేసే మనిషి తక్కువ ధర ఫోన్‌లో తెలుగులో ఫారం నింపుతున్నప్పుడు బయటపడుతుంది. వినుకొండ వైపు పల్లెలో సిగ్నల్ ఒక గీత మీద ఆడుతున్నప్పుడు బయటపడుతుంది. లోపం రోజూ కనపడే ఊళ్ళో దాని గురించి మాట్లాడుకునే మనుషులు అక్కర్లేదని, లోపం కనపడని ఊళ్ళోనే ఉండాలని అనడం ఏ లెక్కన సబబు?

ఒక చిన్న సంగతి దగ్గరగా చూద్దాం. ఒక ఆన్‌లైన్ ఫారంలో పేరు గడి ఉంది. దాన్ని రాసిన డెవలపర్ గరిష్ఠం 20 అక్షరాలని పెట్టాడు. ఇంగ్లీషు పేర్లు నాలుగు వేసి చూశాడు, సరిపోయింది. ఇప్పుడు అదే గడిలో ఒకావిడ 'నాగ వెంకట శ్రీలక్ష్మి' అని తెలుగులో కొట్టిందనుకోండి. మన లెక్కలో నా, గ, వెం, క, ట, శ్రీ, ల, క్ష్మి, అంటే ఎనిమిదే అక్షరాలు. కంప్యూటర్ అలా లెక్కపెట్టదు. హల్లు ఒకటి, పొల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, సున్నా ఒకటి, పేరు మధ్య ఖాళీ ఒకటి. 'శ్రీలక్ష్మి' ఒక్కదానికే 11 పడతాయి, మొత్తం 21. హెచ్‌టీఎంఎల్‌లో గడి పొడవుకు పెట్టే హద్దు ఈ లెక్కనే పాటిస్తుంది కాబట్టి చివరి గుడి గడిలోకి దిగదు. ఆవిడ పేరు 'శ్రీలక్ష్మ' అయిపోతుంది. ఆధార్‌లో ఒక పేరు, ఇక్కడ ఇంకో పేరు. ఆ తర్వాత సచివాలయం చుట్టూ తిరిగేది ఆవిడే, ఆ గడి రాసిన డెవలపర్ తిరగడు.

ఇది తేలిగ్గా తీసిపారేసే సంగతి కాదు. మీసేవ 2011లో వచ్చింది. గ్రామ, వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న వచ్చాయి. 2025 జనవరి 30న 161 ప్రభుత్వ సేవలతో 'మన మిత్ర' వాట్సాప్‌లోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు కొత్త జిల్లాగా ఏర్పడేనాటికే కులధ్రువీకరణ పత్రం నుంచి పంట నమోదు దాకా చాలా సేవలు తెర మీదికి చేరాయి. ఫారం సరిగ్గా లేకపోతే పని ఆగుతుంది. ఆ ఫారం ఎలా రాయాలో చెప్పే నియమాలనే వెబ్ ప్రమాణాలంటున్నాం. కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకునే విషయంగా వాటిని చూసేవాళ్ళు ఇలాంటి ఒక్క పేరు గడిని శ్రద్ధగా పరీక్షించి ఉండరు.

"సరే, లోపం ఉంది. మనం మాట్లాడుకుంటే మారుతుందా? గూగుల్, ఆపిల్ తలుచుకుంటేనే మారేది" అన్నది తరవాతి మాట. ఇందులో కొంత నిజముంది, కాదనను. క్రోమ్ ఏం చేస్తే ప్రపంచంలో ఎక్కువమందికి అదే వెబ్. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూత్రీసీలో సభ్యత్వానికి కంపెనీలు కట్టే రుసుము మన ఊరి సంస్థలు కట్టలేవు. కానీ ఈ నిజం మీద కట్టిన నిర్ణయం తప్పు.

1998లో నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ తలో దారిలో పోతూ, ఒకే పేజీని రెండుసార్లు రాయాల్సిన గతి పట్టించినప్పుడు, వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ అని కూడగట్టుకుని ఆ కంపెనీల మీద ఒత్తిడి తెచ్చింది మామూలు డిజైనర్లు, డెవలపర్లే. 2004లో హెచ్‌టీఎంఎల్‌ను ముందుకు నడపడానికి వాట్‌డబ్ల్యూజీ అనే మరో గుంపు పుట్టింది. చాలా ఏళ్ళ పేచీ తర్వాత 2019లో డబ్ల్యూత్రీసీ దానితో ఒప్పందానికి వచ్చి, హెచ్‌టీఎంఎల్‌కు ఒకే ప్రమాణ పత్రం ఉండాలని ఒప్పుకుంది. ఇవాళ ఆ పత్రాల మీద చర్చ గిట్‌హబ్‌లో బాహాటంగా జరుగుతోంది. డబ్ల్యూత్రీసీ కమ్యూనిటీ గ్రూపుల్లో చేరడానికి రుసుము లేదు. భారతీయ లిపుల్ని పేజీ మీద ఎలా పేర్చాలి, పదాన్ని ఎక్కడ విరవాలి, మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తే ఒత్తులతో సహా ఎంతవరకు తీసుకోవాలి అని చెప్పే పత్రం కూడా అక్కడే ఉంది. తప్పుంటే ఎవరైనా చెప్పవచ్చు. తలుపు తీసి ఉన్న ఇంటి గుమ్మం దగ్గర నిలబడి మనల్ని రానివ్వరని చెప్పుకోవడం మనం మనకు చేసుకునే అన్యాయం.

మారతాయా అంటే మారిన నియమమే ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి రూపంలోనే చోటు దొరికింది. అయినా 'క్ష్మి' అనేది ఒకే ముక్క, కర్సర్‌తో కదిలినా ఎంచుకున్నా చెక్కుచెదరకూడదు అన్న సంగతి యూనికోడ్ డిఫాల్ట్ నియమాల్లోకి 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 రూపంలో గానీ ఎక్కలేదు. అంతకుముందు ఆ నియమాల ప్రకారం క్, ష్, మి మూడు ముక్కలు. రెండో తరగతి పిల్లవాడికి తెలిసిన విషయం నియమంగా రావడానికి 32 ఏళ్ళు పట్టింది. ఎవరో మన మీద కక్షగట్టి ఆపారని నేననను. మనలాంటి లిపులతో బతికేవాళ్ళు ఆ నియమాలు రాసే బల్లల దగ్గర తక్కువగా ఉండటం వల్ల ఆలస్యమైందని మాత్రం అంటాను. అక్షరాల్ని యూనికోడ్ నియమాల ప్రకారం లెక్కపెట్టే పనిముట్టు, ఇంటల్ సెగ్మెంటర్, 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ కూడా అందుకోవడంతో పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చేసింది. ఇందాకటి పేరు గడికి మందు ఇదే. అడ్డమైన హద్దు తీసేసి, నిజంగా హద్దు అవసరమైతే అక్షరాల లెక్కన పెట్టవచ్చు. ఈ సంగతి మన కాలేజీల్లో ఎంతమంది ఫైనలియర్ పిల్లలకు తెలుసో వాళ్ళనే అడిగి చూడండి.

2018 ఫిబ్రవరి ఇంకా మరిచిపోయేంత దూరం కాలేదు. 'జ్ఞ' తర్వాత కంటికి కనపడని ఒక విభజన గుర్తు, దాని వెంట దీర్ఘం వచ్చిన ఒక్క తెలుగు కూర్పు అందితే చాలు, ఐఫోన్‌లో మెసేజీల యాప్ కుప్పకూలేది. ప్రపంచమంతా దాన్ని తెలుగు అక్షరం తెచ్చిన చేటుగా రాసుకుంది. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అంత పెద్ద కంపెనీ పరీక్షల్లో ఆ కూర్పు దొరకలేదు. జల్లెడలో పడకుండా జారిపోయే ఇలాంటి కూర్పులు రోజూ తెలుగు కొట్టేవాళ్ళ చేతికింద పుడుతూనే ఉంటాయి. వాటిని పట్టుకుని, మళ్ళీ మళ్ళీ వచ్చేలా చేసి చూపించి, ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పే అలవాటు ఒకటి కావాలి. ఆ అలవాటు ఒంటరిగా గదిలో కూర్చున్నవాడికి రావడం కష్టం. పక్కవాడి ఫోన్‌లో కూడా అదే జరుగుతోందా అని చూడటం దగ్గరే అది మొదలవుతుంది.

ఇప్పుడు ఉద్యోగం మాటకు వస్తాను. ముందు ఉద్యోగం చూసుకోవాలన్న వాదం వెనక ఉన్న బాధ నాకు అర్థమవుతుంది. ఎకరం తాకట్టు పెట్టి పిల్లను చదివించిన తండ్రి, "మా అమ్మాయికి ప్యాకేజీ వచ్చేదేదో చెప్పండి, ప్రమాణాలు తర్వాత చూద్దాం" అంటే ఆయన్ను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆయనకు ఆ మాట నేర్పినవాళ్ళను మాత్రం తప్పుపడతాను. ఫ్రేమ్‌వర్క్ ఒక్కటే పట్టుకున్నవాళ్ళ గతి ఏమైందో చూడండి. ఫ్లాష్ మీద బతుకు కట్టుకున్నవాళ్ళకు 2020 డిసెంబరు 31తో ఆ నేల జారిపోయింది. 2010లో వచ్చిన యాంగులర్‌జేఎస్‌కు 2021 చివర్లో మద్దతు ఆగింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అనుకూలంగా రాయడమే నైపుణ్యమనుకున్న కాలం 2022 జూన్‌లో ముగిసింది. అదే సమయంలో, 1991లో సెర్న్‌లో పెట్టిన మొట్టమొదటి వెబ్ పేజీ ఇవాళ్టి ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. శీర్షికకు శీర్షిక ట్యాగు, లింకుకు లింకు ట్యాగు వాడటం నేర్చినవాడి చదువు ఇంతవరకూ పాతబడలేదు.

ఉద్యోగాల బజారు కూడా అటే కదులుతోంది. 2025 జూన్ 28 నుంచి యూరోపియన్ యూనియన్‌లో యాక్సెసిబిలిటీ చట్టం అమల్లోకి వచ్చింది. అక్కడ అమ్మే ఆన్‌లైన్ దుకాణం, బ్యాంకింగ్, టికెట్ల సేవ అంగవైకల్యం ఉన్నవాళ్ళకూ పనిచెయ్యాలి. ఆ పనులు చేసిపెట్టే కంపెనీలు హైదరాబాద్‌లో ఎన్నున్నాయో మన పిల్లలకే బాగా తెలుసు. మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, యాక్సెసిబిలిటీ నియమాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి కావాలని తేల్చింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలు అందుకోగలగడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమంది. ఈ తీర్పుల్ని పాటించే పేజీలు రాయడానికి మనుషులు కావాలి. ఆ నైపుణ్యం మూడు నెలల క్రాష్ కోర్సుల్లో చెప్పరు.

దాన్ని ఎలా చెప్పాలో ఒక ఉదాహరణ ఇస్తాను, మీటప్ ఎందుకు కావాలో కూడా ఇందులోనే ఉంది. ఒక విద్యార్థి ఊళ్ళోని ఆసుపత్రికి అపాయింట్‌మెంట్ పేజీ చేశాడనుకుందాం. నరసరావుపేటలో ఆసుపత్రులకు కొదవ లేదు. పేజీ చూడ్డానికి ముచ్చటగా ఉంది. 'బుక్ చేయండి' అనే పచ్చ గడి ఉంది. అది నిజానికి బటన్ కాదు, రంగు పూసి క్లిక్ అతికించిన ఉత్త పెట్టె, డివ్. ఇప్పుడు అతని ఫోన్‌లో, తెర మీదిది చదివిపెట్టే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెర ఆర్పేసి, చూపులేని ఒక మనిషి చేతికివ్వండి. వేలు జరుపుతుంటే ఫోన్ చదువుతుంది. పచ్చ గడి దగ్గరకు వచ్చేసరికి 'బుక్ చేయండి' అంటుంది గానీ, అది బటన్ అని చెప్పదు. నొక్కాలని ఆ మనిషికి తెలియకపోవచ్చు. పేజీ మొదట్లో భాష తెలుగని ఒక్క మాట రాయకపోతే, తెలుగును ఇంగ్లీషు గొంతుతో చదవబోయి ముక్కలు చెయ్యనూవచ్చు, అసలు వదిలెయ్యనూవచ్చు. ఆ పేజీ చేసిన పిల్లవాడు పక్కనే కూర్చుని ఇదంతా వినాలి. డివ్ తీసేసి బటన్ ట్యాగు పెట్టడం ఒక్క నిమిషం పని. ఆ ఒక్క నిమిషం విలువ అతనికి తెలిసేది ఆ గదిలోనే. కంప్యూటర్ మీద ఇలా చదివిపెట్టే ఎన్‌వీడీఏను 2006లో మొదలుపెట్టిన మైఖేల్ కర్రన్, ఆయనతో చెయ్యి కలిపిన జేమ్స్ టే ఇద్దరూ ఆస్ట్రేలియాకు చెందిన చూపులేని యువకులు. అది ఇప్పటికీ ఉచితం. కొనాల్సిందేమీ లేదు, ఒకచోట కూర్చోవడమే కావాలి.

"యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి, లేకపోతే ఏఐని అడిగితే రాసిపెడుతుంది" అనేవాళ్ళకు కూడా ఇదే జవాబు. వీడియో మీ పేజీని చూడదు. ఇక ఏఐ ఎక్కడ నేర్చుకుంది? ఉన్న వెబ్ నుంచే కదా. వెబ్ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీల్ని యంత్రంతో పరీక్షిస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో యంత్రానికి దొరికే తప్పులే కనపడ్డాయి. వెలిసిపోయిన అక్షరాలు, వర్ణన లేని బొమ్మలు, పేరు లేని ఫారం గడులు ఏటా ముందు వరుసలో ఉంటున్నాయి. ఇంతటి తప్పుల కుప్ప చదివి నేర్చుకున్న యంత్రం రాసే పేజీని గుడ్డిగా నమ్మితే ఆ తప్పులు మరింత వేగంగా పెరుగుతాయి. యంత్రం రాసింది సరిగ్గా ఉందా అని చూడగల మనిషి అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. ఆ మనిషి తయారయ్యేది తప్పును పక్కవాళ్ళు వేలుపెట్టి చూపినప్పుడే.

మన దగ్గర ఇలాంటి కూడికలకు చరిత్ర లేదన్న మాట కూడా వినపడుతుంది. ఉంది. తెలుగు వెబ్ ఈ స్థితికి రావడానికి పునాది వేసినవాళ్ళు జీతానికి చెయ్యలేదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జునే, పత్రికలు తలో సొంత ఫాంటులో పెట్టిన తెలుగును బ్రౌజర్లోనే యూనికోడ్‌లోకి మార్చిపెట్టే 'పద్మ'ను తయారుచేశారు. తెలుగు కీబోర్డు రానివాళ్ళు కూడా రాసుకునేలా వీవెన్ 2006లో 'లేఖిని' ఇచ్చారు. ఆ రోజుల్లో హైదరాబాద్ యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో తెలుగు బ్లాగర్లు ఆదివారాలు కలుసుకుని, ఫాంట్ల గొడవలు, ఇన్‌పుట్ గొడవలు మాట్లాడుకున్నారు. ఈ-తెలుగు సంస్థ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చిపోయే జనానికి కంప్యూటర్‌లో తెలుగు ఎలా రాయాలో చూపించింది. ఏసీ హాలూ లేదు, కంపెనీ బ్యానరూ లేదు. ఆ పార్కు హైదరాబాద్‌లో ఉందని అది పట్నం వ్యవహారమైపోదు. అలా కూర్చోవడం ఏ ఊళ్ళోనైనా కుదిరేదే. బయటి దేశాల్లోనూ ఇలాంటివి చిన్నగానే మొదలయ్యాయి. సిడ్నీలో 2003లో రస్ వీక్లీ, పీటర్ ఫర్మింజర్ ఇద్దరే వెబ్ స్టాండర్డ్స్ గ్రూప్ మొదలుపెట్టారు. తర్వాత అది ఆస్ట్రేలియాలో వేరే నగరాలకూ పాకింది.

నరసరావుపేటలో ఆ పని మొదలుపెడితే ఎవరిని పిలవాలో కూడా చెబుతాను, ఎందుకంటే "వచ్చేవాళ్ళు లేరు" అన్న మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధిస్తుంది. ఇంజనీరింగ్ విద్యార్థులు సరే. కాకినాడ జేఎన్టీయూ కాలేజీ ఇక్కడే ఉంది, ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. వాళ్ళకంటే ముందు పిలవాల్సింది డీటీపీ షాపుల వాళ్ళను.

కోర్టు దగ్గరో, మున్సిపల్ ఆఫీసు దగ్గరో ఏ డీటీపీ షాపులోకైనా వెళ్ళి చూడండి. పేజ్‌మేకర్ తెరిచి ఉంటుంది. అను ఫాంట్లు, ఆపిల్ కీబోర్డు లేఅవుట్, చూడకుండా పరిగెత్తే వేళ్ళు. శుభలేఖలు, కరపత్రాలు, నోటీసులు, స్కూలు ప్రశ్నపత్రాలు అన్నీ ఆ చేతుల మీదుగానే పోతాయి. పల్నాడులో తెలుగు అక్షరం ఎక్కువగా పుట్టేది అక్కడే. ఆ ఫైలు పీడీఎఫ్ అయి వెబ్‌లోకి ఎక్కుతుంది. చూడ్డానికి చక్కటి తెలుగు. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు కలగాపులగంగా పడతాయి. అను ఫాంటు ఇంగ్లీషు గుర్తుల మీద తెలుగు బొమ్మలు తొడిగింది కాబట్టి అడుగున ఉన్నది తెలుగు కాదు. దాన్ని గూగుల్ వెతకలేదు, టాక్‌బ్యాక్ చదవలేదు, అనువాద యంత్రం ముట్టలేదు. మిర్చి ధరల పట్టిక అలా చేసి, బొమ్మగా మార్చి పెడితే, దాచేపల్లి రైతు ఫోన్‌లో దాన్ని వేళ్ళతో సాగదీసి చూడాల్సిందే. చదివిపెట్టమని ఫోన్‌ను అడిగినా అది సరిగ్గా చదువుతుందన్న నమ్మకం ఉండదు.

ఆ షాపు ఆపరేటర్‌ను ఎవరూ ఏ మీటప్‌కూ పిలవలేదు. ఆయన వెబ్ డెవలపర్ కాడని అనుకుంటాం. ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, రెండు వరుసల మధ్య ఎంత ఖాళీ లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడి మీద పడుతుందో మన డెవలపర్ల కంటే ఆయనకు బాగా తెలుసు. ఇంగ్లీషు కొలతకు వరుస ఎత్తు బిగించి, 'శ్రీలక్ష్మి' కింది ఒత్తులు సగానికి తెగిపోయిన బటన్లు మన కాలేజీ ప్రాజెక్టుల్లో ఎన్ని కనపడతాయో. ఆయన ఒక్క చూపులో పట్టేస్తాడు. ఆయనకు యూనికోడ్, మన పిల్లలకు అక్షరం కూర్పు నేర్పుకునే బేరం ఒకటి ఇక్కడ కుదురుతుంది. వెబ్‌కు మంచి తెలుగు ఫాంట్లు లేవన్న సాకు కూడా ఇక చెల్లదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, ధూర్జటి వంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఏ ఫాంటు చిన్న తెర మీద చదవడానికి బాగుంటుంది, ఏది బరువెక్కి పేజీని ఆపేస్తుంది అని తేల్చుకోవడానికి పల్నాడు రోడ్డులోని ఒక డీటీపీ షాపు, నలుగురు విద్యార్థులు, మూడు రకాల ఫోన్లు చాలు.

మీటప్‌ల మీద ఉన్న ఒక ఫిర్యాదును మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. పట్నాల్లో చాలా మీటప్‌లు స్టిక్కర్లు, టీషర్టులు, సెల్ఫీలు, స్పాన్సర్ కంపెనీ నియామకాల ప్రకటనల కింద పడి నలిగాయి. మాట్లాడేవాడు స్లైడ్లు తిప్పుతాడు, వినేవాళ్ళు ఫోన్లు తిప్పుతారు. అలాంటిది ఇక్కడికి తెస్తే నేనే వద్దంటాను. స్టేజీ ఉండకూడదు. కంపెనీ బ్యానర్ ఉండకూడదు. ఎవరో ఒకరు తన పేజీ తేవాలి, మిగతావాళ్ళు దాన్ని రకరకాల ఫోన్లలో, చూపు లేకుండా, మౌస్ లేకుండా, నెమ్మదైన లైను మీద వాడి చూడాలి. తప్పు దొరికితే అది పేజీ రాసినవాడిదా, బ్రౌజర్‌దా, ప్రమాణానిదా అని తేల్చాలి. తేల్చడం కోసం ప్రమాణ పత్రం తెరవాలి. ఇంగ్లీషులో ఉన్న ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పుకోవాలి. ప్రమాణం చదవడమంటే జడుపు పుట్టేది మొదటి మూడు నాలుగుసార్లే.

వేళ గురించి ఒక్క మాట, ఇది చిన్న విషయం కాదు. పట్నాల్లో మీటప్‌లు కొన్నిసార్లు సాయంత్రాలు పెడతారు. మాచర్ల నుంచి నరసరావుపేటకు బస్సులో రెండు గంటలకు పైనే. సాయంత్రం పెడితే గురజాల నుంచి, మాచర్ల నుంచి ఆడపిల్లల్ని ఇంట్లో పంపరు, పంపినా చివరి బస్సు బెంగతో మనసు పెట్టి కూర్చోలేరు. ఆదివారం పొద్దున పదింటికి మొదలుపెట్టి ఒంటిగంటకు ముగించాలి. ఒక నెల నరసరావుపేట, ఒక నెల మాచర్ల, ఒక నెల గురజాల. బస్టాండుకు నడిచి వెళ్ళేంత దూరంలో, ఏ కులం వాళ్ళ కల్యాణ మండపమూ కాని చోట. గ్రంథాలయం గదో, ప్రభుత్వ బడి గదో అయితే మేలు. ఒక్కరి ఇంటి ముందుగదిలో పెడితే ఎవరు రాగలరో ఎవరు రాలేరో అక్కడే తేలిపోతుంది. ఇవాళ కూడా మన ఊళ్ళలో ఈ సంగతి పట్టించుకోకుండా 'అందరికీ ఆహ్వానం' అని రాస్తే ఆ కాగితానికి విలువుండదు. ఇవన్నీ చూసుకుంటే పది మంది వస్తారు. మొదటి ఏడాదికి పది మంది చాలు.

వాళ్ళ చేతి నుంచి ఏం బయటికి వెళ్ళాలంటే, పరీక్షలు. బ్రౌజర్ కంపెనీలన్నీ కలిసి వాడుకునే వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్ అనే ఉమ్మడి భాండాగారం ఉంది. ఒక నియమాన్ని బ్రౌజర్ పాటిస్తోందో లేదో చూసే చిన్న చిన్న పేజీలు అందులో ఉంటాయి. కొత్త పరీక్ష ఎవరైనా రాసి పంపవచ్చు. ఏ బ్రౌజర్ ఏది నెగ్గింది, ఏది తప్పింది అన్నది అందరికీ కనపడేలా పెడతారు. 2022 నుంచి ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కూడి ఏటా ఇంటరాప్ పేరుతో కొన్ని అంశాలు ఎంచుకుని, ఆ పరీక్షల్లో ఎవరు వెనకబడ్డారో లెక్క చూసుకుంటున్నాయి. మొదటి అక్షరాన్ని పెద్దది చేసే సీఎస్ఎస్ నియమం 'స్త్రీ' అన్న మాటకు పెడితే ఒత్తులన్నీ కలిపి తీసుకుంటోందా, 'స్' దగ్గరే తుంచేస్తోందా? అక్షరాల మధ్య ఎడం పెంచితే 'క్ష్మి' విడిపోతోందా? వరుస చివర పదాన్ని విరవాల్సి వస్తే పొల్లు ఒక వరుసలో, హల్లు ఇంకో వరుసలో పడుతోందా? ఒక్కో ప్రశ్నకు పది పదిహేను వరుసల హెచ్‌టీఎంఎల్ చాలు. ఒక ఆదివారం పొద్దున ముగ్గురు కూర్చుని, ఒకరు మాట చెబుతూ, ఒకరు రాస్తూ, ఒకరు మూడు బ్రౌజర్లలో చూస్తూ, ఒంటిగంట బస్సుకు ముందే ఒక పరీక్ష పంపించవచ్చు.